"వానికీ నాకూ ఒకే ఇల్లు ఎప్పుడయ్యిందప్పా?": మూడున్నరేళ్ళు వాడాక మా అలుమ్నై సాఫ్ట్‌వేర్ సంగతి

కంపెనీ పేరు రాయను. రాస్తే వాళ్ళ సేల్స్ అబ్బాయి రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాడు. కాలేజీ పేరూ రాయను, రాస్తే మా ప్రెసిడెంట్ గారు చేస్తారు. అనంతపురంలో ఒక కాలేజీ, దాని పూర్వ విద్యార్థుల సంఘానికి నేను జాయింట్ సెక్రటరీని. అక్కడే చదువుకుని అక్కడే పాఠం చెప్తున్నవాణ్ణి. 2022 ఎండాకాలంలో కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే నాక్ వాళ్ళు వస్తున్నారని, ఐదో క్రైటీరియన్‌లో పూర్వ విద్యార్థుల పాత్రకు కూడా మార్కులున్నాయని, ఐదేళ్ళలో వాళ్ళు ఎన్ని లక్షలు ఇచ్చారో కాగితం మీద చూపించాలని హడావిడి పడి, పూర్వ విద్యార్థుల వివరాలూ వాళ్ళిచ్చే విరాళాలూ రాసుకునే ఈ సాఫ్ట్‌వేర్ కొన్నాం. డాష్‌బోర్డ్ ఎలా ఉంటుంది, మెయిల్ టెంప్లేట్లు ఎన్ని ఇస్తారు లాంటివి డెమోలోనే చూపిస్తారు, అవి నేను చెప్పక్కర్లేదు. నా గోడంతా ఒక్క ఫీచర్ గురించి. హౌస్‌హోల్డ్.

వాడనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఒకే ఇంట్లో ఉండే దాతలను సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఒక చోట చేరుస్తుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే కాలేజీ వాళ్ళయితే రెండు ఉత్తరాలు పోకుండా ఒకటే పోతుంది, ఒకరిచ్చిన డబ్బు ఇద్దరి ఖాతాలోనూ కనిపిస్తుంది. అమెరికా యూనివర్సిటీల్లో చందాల పని చేసేవాళ్ళకు ఇది చాలా మామూలు విషయమట. అక్కడ ఇంటి చివరి పేరు ఒకటై, అడ్రసు ఒకటైతే అది ఒక కుటుంబమే అనుకోవడంలో తప్పు లేదు.

ఇక్కడ? మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరంగా కుదించుకుని ఉంటుంది. చివర రెడ్డి అనో నాయుడు అనో రావు అనో ఉంటుంది. మా పాత అడ్మిషన్ రిజిస్టర్ల నుంచి ఎక్సెల్‌లోకి ఎక్కించిన పేర్లను ఈ సాఫ్ట్‌వేర్ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు ముక్కలు చేసింది. అసలు కుటుంబాన్ని చెప్పే ఇంటిపేరు మిడిల్ నేమ్ గడిలో పడి ఎవరికీ కాకుండా పోయింది, ఎవరికీ ఏమీ చెప్పని రెడ్డి లాస్ట్ నేమ్ అయి కూర్చుంది. దానికి తోడు అడ్రసు పూర్తిగా లేకపోతే పిన్ కోడ్ చూసి సరిపెట్టుకుంటుంది. పల్లెటూళ్ళలో ఒక్క పిన్ కోడ్ కింద ఎన్ని ఊళ్ళుంటాయో మీకు తెలుసు. అంటే ఉరవకొండ వైపు నుంచి వచ్చి మా దగ్గర చదువుకున్న రెడ్లంతా ఒక ఉమ్మడి కుటుంబం. షేక్‌ల సంగతి ఇంకో రకం. వాళ్ళకు షేక్ ముందొస్తుంది కాబట్టి అదే ఫస్ట్ నేమ్. మొదటి ఉగాదికి మేము పంపిన శుభాకాంక్షల మెయిల్ "డియర్ షేక్" అని మా ముస్లిం మిత్రులందరికీ ఒకే రకంగా వెళ్ళింది. గుంతకల్లులో ఉండే నా క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేసి "ఏం రా, నా పేరు మర్చిపోయినావా" అని నవ్వాడు కాబట్టి సరిపోయింది.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. 2023 మొదట్లో మా లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో ఇదే హౌస్‌హోల్డ్ ఫీచర్‌ని నేనే తెగ పొగిడాను. కడపలో, కర్నూలులో పనిచేసే మిత్రులిద్దరు ఆ మాట నమ్మి వాళ్ళ ప్రిన్సిపాళ్ళకు కూడా చెప్పారు. పోస్టు ఖర్చు తగ్గింది, లిస్టు సగానికి సగం పొందిగ్గా కనిపించింది, అదే గొప్ప అనుకున్నాను. లిస్టు ఎందుకు తగ్గిందో అప్పుడు చూసుకుని ఉంటే బాగుండేది.

2024 జనవరిలో మా సీనియర్ ఒకాయన, 80ల నాటి బ్యాచ్, లైబ్రరీకి యాభై వేలు ఇచ్చారు. చెక్కు ఇచ్చారు, పాన్ నంబర్ ఇచ్చారు, ఫోటో కూడా వద్దన్నారు. ఆ ఆర్థిక సంవత్సరం అయిపోయాక మామూలుగానే మే 31 లోపు ఫారం 10బీడీ వేశాం. తెలియనివాళ్ళకు, 80జీ, అంటే దాతలకు పన్ను మినహాయింపు ఇప్పించే అనుమతి, ఉన్న సంస్థ ఎవరెవరు ఎంత ఇచ్చారో పాన్‌తో సహా ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకు చెప్పే లెక్క అది. 2021-22 నుంచి తప్పనిసరి, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు ఫీజు. అది వేశాకే దాతలకు 10బీఈ సర్టిఫికెట్ వస్తుంది, అది లేకపోతే ఆయనకు మినహాయింపు రాదు. మేము ఆ లెక్కను ఈ సాఫ్ట్‌వేర్ నుంచే ఎక్స్‌పోర్ట్ చేశాం, ఒక్క బటన్‌తో. ఆ ఒక్క బటన్ కోసమే కొన్నామని కూడా చెప్పుకునేవాళ్ళం.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఫోన్. ఆయనే. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"వానికీ నాకూ ఒకే ఇల్లు ఎప్పుడయ్యిందప్పా?"

నాకేమీ అర్థం కాలేదు. "ఎవరన్నా?" అన్నాను. ఇంటికి ఉత్తరం వచ్చిందట. మీ కుటుంబం ఇచ్చిన విరాళానికి కృతజ్ఞతలు అని, కింద రెండు పేర్లు. ఒకటి ఆయనది, రెండోది ఆయన దాయాదిది. ఒకే ఊరు, ఒకే తాత, ఇంటిపేరూ ఒకటే. గట్టు తగాదా ఒకటి వాళ్ళ నాయనల కాలం నుంచి కోర్టులో నడుస్తా ఉంది, పెళ్ళిళ్ళకు కూడా ఒకరింటికి ఒకరు పోరు. ఆ రెండో ఆయన కూడా మా పాత విద్యార్థే, రెండేళ్ళు చిన్న. సాఫ్ట్‌వేర్ ఇద్దరినీ ఒకే హౌస్‌హోల్డ్ చేసి, ఏ లెక్కన తేల్చుకుందో గానీ చిన్నాయన్ని ఇంటి పెద్దగా పెట్టింది.

నేను నసుగుతూ "అది కంప్యూటర్ తప్పన్నా" అన్నాను. "కంప్యూటర్‌కు మా ఊరు తెల్దు, నీకు తెల్దా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఉత్తరంతో పోతే క్షమాపణ చెప్పి ఊరుకునేవాణ్ణి. సిస్టమ్ తెరిచి చూస్తే గుండె జారింది. 10బీడీలో ఎక్స్‌పోర్ట్ అయింది ఇంటి పెద్ద పాన్. అంటే యాభై వేల సర్టిఫికెట్ పైసా ఇవ్వని ఆయన పేరు మీద వచ్చింది, ఇచ్చిన ఆయనకు ఏమీ రాలేదు. ఇంకో రెండు రోజులకు ఆ చిన్నాయన ఆడిటర్ నుంచి ఫోన్, మా క్లయింట్ ఇవ్వని డబ్బుకు సర్టిఫికెట్ ఎందుకు పంపారని. ఆయన నిజాయితీపరుడు కాబట్టి అడిగించాడు, గమ్మున వాడుకుని ఉంటే మాకు తెలిసేది కాదు. ఆ వారమంతా టెన్షన్‌తో నిద్ర లేదు. మిగతా లెక్కంతా రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక్కొక్క పాన్ చూశాం. ఇలాంటివి ఇంకో ఏడు దొరికాయి, చిన్న మొత్తాలే. 10బీడీ సవరించి వేసి, కొత్త సర్టిఫికెట్లు దింపి, పెద్దాయన ఇంటికి నేనే బస్సులో పోయి ఇచ్చి వచ్చాను. మజ్జిగ ఇచ్చారు. ఉత్తరం గురించి మాట్లాడలేదు.

సపోర్ట్ వాళ్ళు చెప్పింది ఏమిటంటే ఆటోమేటిక్ హౌస్‌హోల్డింగ్ ఆపే సెట్టింగ్ మొదటి నుంచీ ఉందట, మేమే చూసుకోలేదట. ఉంది నిజమే, నాలుగు మెనూల లోపల. అయినా కొత్త కస్టమర్‌కు అది ఆన్‌లోనే ఎందుకు వస్తుంది, ఇండియాలో అమ్మేటప్పుడైనా ఆపి అమ్మొచ్చు కదా అంటే నోట్ చేసుకున్నామన్నారు.

కొసరు ఒకటుంది. సర్టిఫికెట్ వల్ల పెద్దాయన ఎంతిచ్చాడో చిన్నాయనకు తెలిసిపోయింది, మేము చెప్పకూడని విషయం అది. జూలైలో ఆయన నేరుగా ఆఫీసుకు వచ్చి యాభై ఒక్క వేలకు చెక్కు రాసి "ఇది నా పేరు మీదే రాయండి" అని పోయాడు. మా ప్రెసిడెంట్ గారు వారం రోజులు నవ్వారు, ఆ ఫీచర్ ఆపొద్దు అని కూడా అన్నారు. నేను ఆపేశాను.

మిగతా వాటి గురించి పొట్టిగా. నూటికి ఇంత అని ప్రతి మనిషికీ ఇచ్చే దాత స్కోరును మేము చూడటం మానేశాం, ఎందుకంటే అది ఎక్కువగా మెయిల్ తెరిచారా లేదా అన్నదాని మీద నడుస్తుంది. మా వాళ్ళు మెయిల్ ఎక్కడ తెరుస్తారు, అన్నీ వాట్సాపే. ఆస్తిపాస్తుల అంచనా అని ఇంకోటి ఉంది. అమెరికాలో ఇళ్ళ రికార్డులూ రాజకీయ చందాలూ పబ్లిక్‌గా దొరుకుతాయి కాబట్టి అక్కడ దానికి పని ఉండొచ్చు, ఇక్కడ అది పిన్ కోడ్ చూసి ఊహిస్తుంది. జిల్లా వారీ రిపోర్టులో అనంతపూర్, అనంతపురం, అనంతపురము, ఏటీపీ అని నాలుగు జిల్లాలు వస్తాయి, అది మా టైపింగ్ పాపం. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడ్డాక హిందూపురం, ధర్మవరం వాళ్ళు ఇంకా పాత జిల్లాలోనే ఉన్నారు, మార్చాలి.

పౌరసత్వం రాసుకునే గడి లేకపోవడం మాత్రం చిన్న విషయం కాదు. ఇండియా పాస్‌పోర్టుతో డల్లాస్‌లో ఉన్నవాడు తన సొంత సంపాదన ఇస్తే అది విదేశీ విరాళం కాదు. తాడిపత్రిలోనే పుట్టినా అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు ఇస్తే మాత్రం అది విదేశీ విరాళమే, విదేశీ పౌరులైన మనవాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఖాతాకే రావాలి. మాకు అది లేదు. అందుకని ఆ గడి మేమే పెట్టుకుని, ఫోన్ చేసేముందు అడుగుతాం. "నేను మనోణ్ణి కాదా సార్" అని ఒకరిద్దరు బాధపడ్డారు, ఏం చేస్తాం.

ఇంత తిట్టాక కూడా 2025లో మళ్ళీ ఎందుకు రెన్యువల్ చేశామంటే, లైబంట్ రిపోర్టు కోసం. పోయినేడు ఇచ్చి ఈ యేడు ఇంకా ఇవ్వనివాళ్ళు లైబంట్, అంతకుముందు ఎప్పుడో ఇచ్చి ఆగిపోయినవాళ్ళు సైబంట్. పేర్లు విచిత్రంగా ఉన్నాయి గానీ చందాల పనిలో ఉన్నవాళ్ళందరూ వాడే మాటలే ఇవి. అంతకుముందు మేము ఎప్పుడూ కొత్తవాళ్ళ వెంటే పడేవాళ్ళం. ఒకసారి ఇచ్చినవాళ్ళకు రసీదు పంపి మర్చిపోయేవాళ్ళం. ఈ లిస్టు పట్టుకుని ఫిబ్రవరిలో కూర్చుని ఫోన్లు చేస్తే ఎక్కువమంది చెప్పింది ఒకటే, మళ్ళీ ఎవరూ అడగలేదు కాబట్టి ఇవ్వలేదని. మార్చి అనగానే టాక్స్ మినహాయింపు గుర్తు చేసే మెయిల్ ఒకటి అదే తయారు చేస్తుంది గానీ, దాన్ని ఈ మధ్య పంపడం లేదు. కొత్త టాక్స్ రెజీమ్‌లో 80జీ మినహాయింపు లేదు కదా, సగంమంది అందులోనే ఉన్నారు.

నిజం చెప్పాలంటే ఆ లిస్టు ఎక్సెల్‌లో కూడా వస్తుంది, తీరిక ఉన్న మనిషి ఒకడుంటే. మాకు లేడు, ఉన్న ఒక్క క్లర్కు అడ్మిషన్లప్పుడు మా ముఖం కూడా చూడడు. రికార్డులు నాలుగు వేల చిల్లర. మీ దగ్గర కంప్యూటర్ చదివిన కుర్రాడెవరైనా ఉంటే, దాతలు రెండు వందల లోపైతే, కొనొద్దనే చెప్తాను. పెద్ద కాలేజీ అయి, పాతవాళ్ళకు కూడా హాల్‌టికెట్ నంబర్లు దొరికితే పేర్లతో కాకుండా ఆ నంబర్లతో కలపమని చెప్పండి, సగం తలనొప్పి పోతుంది. మాకు 1990కి ముందువి దొరకలేదు. కడప మిత్రుడికి ఫోన్ చేసి నా పాత పొగడ్త వెనక్కి తీసుకున్నాను, అప్పటికే వాళ్ళు డబ్బు కట్టేశారు. ఆ సెట్టింగ్ ఎక్కడుందో స్క్రీన్‌షాట్ పంపాను.

నిన్న ఈ యేటి లిస్టులు తీశాను. చిన్నాయన లైబంట్‌లో ఉన్నాడు, పెద్దాయన సైబంట్‌లో. ముందు ఎవరికి చేయాలో ఇంకా అనుకోలేదు, ఇద్దరికీ ఒకే రోజు మాత్రం చేయను.