పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: దాదాపు రెండేళ్లు వాడాక

ఇన్‌స్టాలేషన్ సగం దాటాక ఆగిపోయింది. మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ అంతే. ఎర్రర్ నంబర్ 5, ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ అంటూ ఒక పెట్టె వచ్చింది. దానికింద సలహాలు: సీడీ శుభ్రం చేయండి, హార్డ్ డిస్క్ పాతబడిందేమో చూడండి, కంప్యూటర్‌ను కాస్త చల్లటి చోటికి మార్చి చూడండి. 2024 మే నెల, రాజమండ్రి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతోంది. చల్లటి చోటట!

మా ల్యాప్‌టాప్ 2013లో కొన్నది. మూడో తరం కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10లో ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగి వచ్చినా ఇంకా గుండ్రం తిరుగుతూనే ఉండేది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవాటికే, కాబట్టి ఆ దారి ముందే మూసుకుపోయింది. అందుకే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 21.3, అందులో తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం.

మొదట పెన్‌డ్రైవ్ మీద అనుమానపడ్డాను. దింపుకున్న ఫైలు పాడవలేదని తేల్చే చెక్‌సమ్ సరిచూశాను, సరిపోయింది. ఇంకో పెన్‌డ్రైవ్‌లో రాసి చూశాను. అదే కథ. అప్పుడు తట్టింది, లైవ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీదనుంచే, మింట్ చక్కగా నడుస్తోంది కదా, డిస్క్ మీద రాసేటప్పుడే ఎందుకు ఆగుతోందని. లైవ్‌లోనే డిస్క్స్ అనే ప్రోగ్రాం తెరిచి స్మార్ట్ డేటా, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క, చూశాను. రీఎలొకేటెడ్ సెక్టార్లు 200 పైచిలుకు, పెండింగ్ సెక్టార్లు 48. మొదటిది డిస్క్ ఇప్పటికే పక్కన పెట్టేసిన చెడ్డ చోట్లు. రెండోది చదవడానికి ఇబ్బందిపడుతున్నవి. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, మా ఇంట్లో మద్దెల నిజంగానే ఓడు.

ఇక ఇన్‌స్టాలేషన్ ఆపేసి ఫొటోలు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేశాను. మా అక్క పెళ్లి ఫోల్డర్‌లో పదో పన్నెండో రాలేదు. మిగతావి వచ్చాయి. ఇన్‌స్టాలర్‌లో కనక డిస్క్ మొత్తం చెరిపేయమని ఎంచుకుని ఉంటే అవీ ఉండేవి కావు. మొదటిసారి ఆగినప్పుడే స్మార్ట్ డేటా చూడాల్సింది, చూడకుండా మళ్లీమళ్లీ రాయించడం నా తప్పే. ఆ హార్డ్ డిస్క్ బదులు రెండు వేల లోపు 240 జీబీ ఎస్ఎస్‌డీ కొని బిగించాను. ఈసారి పావుగంటలో పని అయిపోయింది.

అయిపోయిందనుకున్నాను. ఫోన్ నెట్‌తో అప్‌డేట్లు పెడితే, సర్వర్‌లోని జాబితా ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఎర్రర్. బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ గొడవ. గంటసేపు నెట్ సెట్టింగుల్లో తలదూర్చాక మూల ఉన్న గడియారం కంటపడింది: తేదీ ఏళ్ల వెనక ఉంది. కంప్యూటర్ ఆపేసినా తేదీని గుర్తుంచే, మదర్‌బోర్డు మీది సీమాస్ బ్యాటరీ చచ్చిపోయి, ప్లగ్ తీసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది. మింట్‌కేమో ఆ జాబితా ఏళ్ల తర్వాత పుట్టబోయేది! బ్యాటరీ నాణెంలా ఉండే మామూలు సీఆర్2032నే, కాకపోతే ల్యాప్‌టాప్‌కి చిన్న వైరు, ప్లగ్గు ఉన్న రకం కావాలి. గోడ గడియారంలోదో రిమోట్‌లోదో తీసి పెడదామంటే కుదరదు. ఇప్పుడు ఎవరు పాత కంప్యూటర్ తెచ్చినా ముందు తేదీ చూస్తాను.

వైఫై మొదటినుంచీ అసలు కనపడలేదు. లినక్స్‌లో కొన్ని పాత చిప్‌లకు డ్రైవర్ విడిగా వేసుకోవాలి. నెట్ కోసం డ్రైవర్ కావాలి, డ్రైవర్ కోసం నెట్ కావాలి. ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇవ్వడం) ఆన్ చేస్తే చాలు, డ్రైవర్ మేనేజర్ దానంతట అదే వెతికి పెట్టింది. అయిదు నిమిషాల పని.

ర్యామ్ మాత్రం ఏడిపించింది. సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 4 జీబీ ముక్క కొన్నాను. వారం బాగానే ఉంది, తర్వాత వీడియో మధ్యలో మౌస్‌తో సహా అంతా బిగుసుకుపోవడం మొదలైంది. షాపాయన దగ్గరికి తీసుకెళ్తే, కొనలు రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టి, "ర్యామ్ బానే ఉంది సార్, మీ లినక్సే తేడా" అన్నాడు. రబ్బరుతో రుద్దితే బాగుపడేవి చాలానే ఉంటాయి, ఆ వైద్యాన్ని నేను తక్కువ చేయను. ఇది బాగుపడలేదు. మింట్ పెన్‌డ్రైవ్‌తో పాత బయోస్ పద్ధతిలో (పాత కంప్యూటర్లు మొదలయ్యే తీరు) బూట్ చేస్తే మెనూలోనే మెమరీ టెస్ట్ ఉంటుంది. రాత్రి పెట్టి పడుకున్నాను. పొద్దున్నే లేచి చూస్తే తెరనిండా ఎర్ర గీతలు. ముక్కలు ఒక్కొక్కటే ఉంచి మళ్లీ పరీక్షిస్తే కొత్తగా కొన్నదే దొంగ. ఫోన్‌లో ఫొటో చూపించాక మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు.

ఆ తర్వాత ఇన్నాళ్లలో మళ్లీ బిగుసుకుపోలేదు. ఆన్ చేసిన అరనిమిషంలోపే డెస్క్‌టాప్ వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో పదిహేను ట్యాబులు, లిబ్రే ఆఫీస్, మా మేనకోడలి ఆన్‌లైన్ క్లాసు, అన్నీ నడుస్తాయి. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ సెట్టింగుల్లోనే ఉంది. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో చేసిన ఫైళ్లు తెరిస్తే మాత్రం అక్షరాల చోట పిచ్చి గుర్తులు వస్తాయి. అలాంటివి ఎక్కువుంటే ఆ పనికి పాత విండోస్ మెషీన్ ఒకటి ఉంచుకోవడమే మేలు.

తేలనిది ఒక్కటే. మూత వేసి తీస్తే పదిసార్లలో రెండుసార్లు తెర నల్లగానే ఉండిపోతుంది. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ మార్చి చూశాను, గ్రాఫిక్స్ సెట్టింగులు మార్చాను, లాభం లేదు. చివరికి స్లీప్ తీసేశాను. "మామయ్యా, మూత వేశాను, షట్‌డౌన్ అయిందా?" అని మేనకోడలు రోజూ అడుగుతుంది. అవలేదమ్మా, బటన్ నొక్కాలి.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయాక మా వీధిలో ఇద్దరికి ఇలాగే పెట్టిచ్చాను. ఇద్దరివీ ముందు డిస్క్, తర్వాత ర్యామ్, తర్వాత తేదీ చూసి అప్పుడే ఇన్‌స్టాలర్ తెరిచాను. ఒకరిది ర్యామ్ పోయింది, రెండోది సాయంత్రానికి ఇంటికెళ్లిపోయింది.

మింట్ 21.3కి అప్‌డేట్లు 2027 ఏప్రిల్ వరకే. దానికి ముందు 22కి మారాలి. కొత్త కెర్నల్‌తో ఈ వైఫై, ఈ మూత ఏమంటాయో లైవ్‌లో చూశాకే డిస్క్ ముట్టుకుంటాను. ఈసారి ఆ పని డిసెంబరులో పెట్టుకుంటాను, చల్లటి చోటు వెతుక్కోనక్కర్లేదు.