కందిపప్పా, పెసలా, మీల్ మేకరా: పాలు మానేశాక ప్రోటీన్‌కి ఏది మేలు?

పాలు, పెరుగు మానేశానని చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట, "మరి బలం ఎట్లరా?" రోజూ పప్పు తింటున్నాం కదా అన్నాను. అనుమానం మాత్రం పోలేదు. ఒకరోజు వంటింట్లో తూకం మిషన్ పెట్టి చూశాను.

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. నా బరువు 60 కిలోలు, అంటే 50 గ్రాములు.

మా ఇంట్లో నలుగురికి ఒక గ్లాసు కందిపప్పు వండుతారు. తూస్తే 150 గ్రాములు. వంద గ్రాముల పప్పులో ప్రోటీన్ 22 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి మొత్తం 33, మనిషికి 8. అంతే! పప్పుచారు పెట్టిన రోజు ఇంకా తక్కువ. తప్పు పప్పుది కాదు, మనం పోసే నీళ్లది.

పెసలు కూడా దాదాపు కందిపప్పంత ప్రోటీనే ఇస్తాయి. కానీ పెసరట్టులో గింజ మొత్తం కడుపులోకి వెళ్తుంది. 60 గ్రాముల పెసలు నానబోసి రుబ్బితే నాకు రెండట్లు వస్తాయి, 14 గ్రాములు చేతికొచ్చినట్టే. రుచిలో నా ఓటు దీనికే.

లెక్కలో మాత్రం మీల్ మేకర్‌ని కొట్టేది లేదు. సోయా నుంచి నూనె తీశాక మిగిలిన పిండితో చేస్తారు కాబట్టి వందకు 52 గ్రాముల దాకా ప్రోటీన్. పాతిక గ్రాములు వేసుకున్నా 13 వస్తుంది. పెళ్లి భోజనాల వెజ్ బిర్యానీలో వెతుక్కుంటే దొరికే నాలుగు ముక్కలతో పని జరగదు, కూరగా వండాల్సిందే. ఉప్పు వేసిన వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఇంకోసారి చన్నీళ్లలో కడిగి పిండితేనే ఆ వాసన పోతుంది. నేను వారానికి మూడు రోజులు తింటాను. మిగతా రోజుల్లో శనగ గుగ్గిళ్లు.

పల్లీలనూ ప్రోటీన్ అంటారు. నిజమే, కానీ గుప్పెడు పల్లీల్లో ప్రోటీన్ 7 గ్రాములైతే కేలరీలు 170. చట్నీకి సరే. జిమ్ కుర్రాళ్ల బఠానీ ప్రోటీన్ పౌడర్ స్కూపుకి 20 గ్రాములు ఇస్తుంది, ఖరీదు పప్పుకి ఎన్నో రెట్లు. వండుకునే తీరిక లేనివాళ్లకు వదిలేద్దాం.

అన్నాన్ని తీసిపారేయకండి. రోజుకు 200 గ్రాముల బియ్యం తింటే అందులోనే 15 వస్తుంది. పైగా ప్రోటీన్ అనేది అమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టిన గోడ లాంటిది: వాటిలో బియ్యంలో తక్కువపడే లైసిన్‌ని పప్పు పూడుస్తుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్‌ని బియ్యం పూడుస్తుంది. పెసరట్టు 14, అన్నం 15, పప్పు 8, మీల్ మేకర్ కూర 13: నా 50 అయిపోయింది. విటమిన్ బీ12 మాత్రం వీటిలో దేనిలోనూ లేదు, దానికి మాత్ర వేసుకుంటున్నాను.

అమ్మ ఇప్పుడు పప్పుకి గ్లాసున్నర పోస్తోంది. చారు మాత్రం ఎప్పట్లాగే పల్చగా.