డీహెచ్‌సీపీ ఫైర్‌వాల్‌లోనా, వేరే సర్వర్‌లోనా?

నెట్‌వర్క్‌లో చేరే ప్రతి సిస్టమ్‌కీ ఐపీ అడ్రస్ దానంతటదే ఇచ్చేది డీహెచ్‌సీపీ. ఇరవై ముప్పై సిస్టమ్‌లున్న ఆఫీసైతే ఇంకేం ఆలోచించకుండా ఫైర్‌వాల్‌లోనే డీహెచ్‌సీపీ ఆన్ చేస్తాను. ల్యాన్ ఇంటర్‌ఫేస్ తెరిచి, 192.168.10.100 నుంచి 192.168.10.200 వరకు రేంజ్ ఇచ్చి, గేట్‌వే, డీఎన్‌ఎస్ సరిచూసుకుంటే పది నిమిషాల పని. ప్రింటర్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ వచ్చేలా దాని మ్యాక్ అడ్రస్‌తో (హార్డ్‌వేర్ నంబర్) రిజర్వేషన్, అంతే.

బ్రాంచీలు, వీల్యాన్‌లు (ఒకే నెట్‌వర్క్‌లో విడదీసిన భాగాలు) పెరిగాక అసలు తలనొప్పి మొదలవుతుంది. ఫలానా ఐపీ ఎవరిదో కనుక్కోవాలంటే ఒక్కో ఫైర్‌వాల్‌లోకీ లాగిన్ అవ్వాలి. అప్పుడు రిలే మేలు, అంటే ఐపీలు హెడ్డాఫీసు సర్వరే ఇస్తుంది, ఫైర్‌వాల్ మధ్యలో కబురు చేరవేస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ ఐపీ కోసం వేసే డిస్కవర్ కేక అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ కాబట్టి తన వీల్యాన్ దాటదు. ఫైర్‌వాల్ దాన్ని అందుకుని, అది వచ్చిన ఇంటర్‌ఫేస్ అడ్రస్ అందులో రాసి, హెడ్డాఫీసు సర్వర్‌కి నేరుగా పంపుతుంది. ఆ అడ్రస్ చూసే సర్వర్ ఏ స్కోప్ (ఐపీల రేంజ్) లోంచి ఐపీ ఇవ్వాలో తేల్చుకుంటుంది. విండోస్ సర్వర్ 2012 నుంచి ఫెయిలోవర్ (ఒక సర్వర్ పడిపోతే రెండోది అందుకోవడం) కూడా ఉంది.

లింక్ పడిపోతే మాత్రం రిలేతో ఇబ్బందే. లీజ్ (కొంత గడువుకి ఇచ్చిన ఐపీ) ఉన్నవాళ్లకి ఆ గడువు దాకా ఢోకా లేదు, అప్పుడే వచ్చినవాళ్లకి మాత్రం 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తుంది, అంటే సర్వర్ దొరక్క సిస్టమ్ తనకు తానే పెట్టుకున్నది. అందుకే గెస్ట్ వైఫైని ఫైర్‌వాల్‌కే వదిలేస్తాను, లీజ్ రెండు గంటలు.

రిలేకి మారేటప్పుడు ఫైర్‌వాల్‌లోని పాత పూల్ (అది ఇచ్చే ఐపీల రేంజ్) ఆపడం మర్చిపోకండి. కొన్ని ఫైర్‌వాల్‌లు రెండూ ఒకేసారి ఆన్ చేయనివ్వవు. ఒకసారి నేను సర్వర్ పెట్టి, మూలనున్న పాత రౌటర్ సంగతి మరిచిపోయాను, అదీ ఐపీలు ఇస్తూనే ఉంది. సగం మందికి నెట్ ఉంది, సగం మందికి లేదు. సాయంత్రం దాకా కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాను.