విండోస్ జెన్యూన్ తనిఖీ: ఎక్స్‌పీ రోజుల నుంచి వాడాక

కుడివైపు కింది మూలలో, గడియారానికి కాస్త పైన, లేత బూడిద రంగులో రెండు వరుసలు. పైన ‘యాక్టివేట్ విండోస్’, దాని కింద సెట్టింగ్స్‌లోకి వెళ్లమని ఒక ముక్క. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్ ఆరు నెలలు ఏ గొడవా లేకుండా పనిచేశాక ఒక పొద్దున ఈ వాటర్‌మార్క్ కనబడింది. అంటే ఈ విండోస్ కాపీకి సరైన లైసెన్స్ ఉందని మైక్రోసాఫ్ట్ తనిఖీలో తేలలేదన్నమాట. కొనేటప్పుడు విండోస్ అసలుదేనా అని అడిగాను కదా అనిపించింది. నిజంగానే అడిగాను. అమ్మినాయన సెట్టింగ్స్ తెరిచి ‘విండోస్ ఈజ్ యాక్టివేటెడ్’ అన్న మాట చూపించాడు. ఆ వాక్యం అక్కడితో ఆగలేదు, చివర ‘మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా’ అని కూడా ఉంది. నేను ఏ సంస్థ కోసమూ ఆ ల్యాప్‌టాప్ కొనలేదు. ఆ ముక్క చదివి కూడా వదిలేశాను.

కమాండ్ ప్రాంప్ట్‌లో లైసెన్స్ వివరాలు చూపించే ‘ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్‌వీ’ కమాండ్ కొట్టి చూస్తే లైసెన్స్ వాల్యూమ్ రకం (సంస్థలు చాలా కంప్యూటర్లకి కలిపి కొనేది), కేఎంఎస్ క్లయింట్ అని వచ్చింది. కేఎంఎస్ అంటే పెద్ద ఆఫీసుల కోసం చేసిన పద్ధతి. ఒక్కో కంప్యూటర్‌కీ విడిగా కీ, అంటే లైసెన్స్ కోడ్, కొట్టకుండా ఆఫీసులోని ఒక సర్వరే అన్నిటినీ యాక్టివేట్ చేస్తుంది. అలా కనీసం 25 కంప్యూటర్లు దాన్ని అడిగితేనే ఇవ్వడం మొదలుపెడుతుంది. ఇచ్చింది 180 రోజులే నిలుస్తుంది. కంప్యూటర్ 7 రోజులకోసారి సర్వర్‌ని పలకరించి గడువు పొడిగించుకుంటూ ఉండాలి. సర్వర్ దొరక్కపోతే 180 రోజులతో సరి. నెట్‌లో దొరికే క్రాక్ యాక్టివేటర్లలో (లైసెన్స్ లేకుండానే యాక్టివేట్ చేసే దొంగ ప్రోగ్రాముల్లో) చాలా భాగం ఈ సర్వర్ వేషమే వేస్తాయి, పైగా యాంటీవైరస్ ఆపమని ముందే చెబుతాయి. నా ల్యాప్‌టాప్‌లో జరిగింది అదే. ఆరు నెలల లెక్క అప్పుడు అర్థమైంది.

అసలు బాధ ఏంటంటే ఆ ల్యాప్‌టాప్‌కి లైసెన్స్ ముందునుంచీ ఉంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి తయారీదార్లు కీని మదర్‌బోర్డ్ మీది బయోస్‌లోనే (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్‌లో) రాసి పంపుతున్నారు. నా దాంట్లో ఉన్నది హోమ్ ఎడిషన్, అంటే ఇళ్లలో వాడే మామూలు రకం, కీ. దాని మీద ఇంకెవరో వేరే ఎడిషన్ వేసి క్రాక్ కొట్టారు. డేటా కాపీ చేసుకుని, ఫార్మాట్ కొట్టి, హోమ్ ఎడిషన్ వేసి నెట్‌కి కలిపాను. ఒక్క ప్రశ్న అడగలేదు, కీ అడగలేదు, యాక్టివేట్ అయిపోయింది. అంత హాయి ఈ తనిఖీ నాకు ఇంకెప్పుడూ ఇవ్వలేదు.

మొదట్లో ఇలా లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో యాక్టివేషన్ వచ్చింది. ర్యామ్, ప్రాసెసర్, హార్డ్ డిస్క్, నెట్‌వర్క్ కార్డ్ లాంటి 10 అంశాల నుంచి ఒక గుర్తు తయారుచేసుకుని, అందులో ఎక్కువ మారితే ఇది వేరే కంప్యూటర్ అనుకునేది. ప్రొడక్ట్ కీ 25 అక్షరాలు. అందులో అచ్చులు రావు, సున్నా, ఒకటి కూడా రావు, చదివేటప్పుడు తడబడకూడదని. కానీ 8, బీ రెండూ ఉంటాయి, 6, జీ రెండూ ఉంటాయి. అరిగిపోయిన స్టిక్కర్ మీద వాటిని విడదీయడానికి టార్చ్ లైట్ పట్టుకుని కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది.

విండోస్ 7 వాడుతున్నప్పుడు నా డెస్క్‌టాప్ మదర్‌బోర్డ్ పోయింది. కొత్తది వేయించాక నెట్ ద్వారా యాక్టివేట్ కాలేదు. నేను డబ్బిచ్చి కొన్న రిటైల్ కాపీ అది. ఫోన్ చేయాల్సి వచ్చింది. తెర మీద తొమ్మిది గుంపుల్లో 54 అంకెలు. ఒక్కో గుంపూ నొక్కుతుంటే అవతల రికార్డింగ్ సరే అంటూ ముందుకెళ్లింది. చివరికి ఒక మనిషి లైన్లోకి వచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ కాపీ ఎన్ని కంప్యూటర్లలో వేశారు? ఒక్కదాంట్లోనే అన్నాను. వెంటనే 48 అంకెలు చెప్పడం మొదలుపెట్టారు, ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది గడుల్లో రాసుకున్నాను. యంత్రం పోల్చుకోలేనిదాన్ని ఒక మనిషి నా మాట నమ్మి దాటించారు. ఆ ప్రశ్న నాకు చాలా గౌరవంగా అనిపించింది.

ఎక్స్‌పీకీ విండోస్ 7కీ మధ్య వచ్చిన విస్టా మొదటి రూపంలో ఆ గౌరవం లేదు. యాక్టివేషన్ గడువు దాటితే బ్రౌజర్ ఒక్కటి తెరవనిచ్చి గంటకి బయటికి నెట్టేసేది. 2008లో సర్వీస్ ప్యాక్ 1 అనే పెద్ద అప్‌డేట్‌తో అది తీసేసి, నల్ల డెస్క్‌టాప్, గుర్తుచేసే సందేశాల దాకా తగ్గించారు. తగ్గించడం ఎంత అవసరమో 2007 ఆగస్టులోనే తేలింది. ఇంకా పరీక్షలో ఉండాల్సిన కోడ్ పొరపాటున అసలు సర్వర్ల మీదికి వెళ్లి, ఒక రోజుకి కాస్త తక్కువసేపు నిజమైన కాపీలని కూడా దొంగవని తేల్చింది. విస్టా వాడేవాళ్లకి ఏరో (కిటికీలని అద్దంలా చూపించే హంగు) లాంటి సదుపాయాలు ఆగిపోయాయి. 2018 నవంబరులో మళ్లీ సర్వర్ తేడాతో హోమ్ కన్నా పై ఎడిషన్ అయిన విండోస్ 10 ప్రో కొన్నవాళ్లకి మీది హోమ్ లైసెన్సే అని చూపించింది. దొంగ కోసం వచ్చినవాడు ఇంటాయన్ని పట్టుకోవడం అంటే ఇదే. తప్పు జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి అనుమానం వస్తే చెప్పాలి గానీ పని ఆపకూడదు. ఈ విషయంలో ఇప్పటి పద్ధతి నాకు సమ్మతమే: వాటర్‌మార్క్ వేస్తుంది, వాల్‌పేపర్, రంగులు మార్చుకునే సెట్టింగులు మూసేస్తుంది, ఫైళ్ల జోలికి రాదు. మదర్‌బోర్డ్ మార్చినా ఇబ్బంది తగ్గింది. 2016 నుంచి డిజిటల్ లైసెన్స్‌ని (కీ కొట్టనక్కర్లేకుండా మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదై ఉండేదాన్ని) మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ముడివేసుకోవచ్చు. హార్డ్‌వేర్ మార్చాను అని సెట్టింగ్స్‌లోని ట్రబుల్‌షూటర్‌లో ఎంచుకుంటే సరిపోతుంది. ఆ ముడి మాత్రం మదర్‌బోర్డ్ పోకముందే వేసుకోవాలి. కంప్యూటర్‌తో పాటు వచ్చిన లైసెన్స్‌కి, విడిగా కొన్న రిటైల్ లైసెన్స్‌కి ఇక్కడ తేడా ఉంది, కొత్త బోర్డ్‌కి మార్చుకునే హక్కు రిటైల్‌దే.

నా ఫిర్యాదు ఇక ఒక్కటే, అది మాటల గురించి. ఆ ల్యాప్‌టాప్ లైసెన్స్ 180 రోజులదని సిస్టమ్‌కి మొదటి రోజే తెలుసు. బయోస్‌లో ఇంకో కీ ఉందనీ తెలుసుకోగలదు. ఆ గడువు తేదీని సెట్టింగ్స్ పేజీలో యాక్టివేటెడ్ అన్న మాట పక్కనే రాస్తే చాలు. ఇప్పుడు అది తెలియాలంటే ‘ఎస్ఎల్ఎంజీఆర్ /ఎక్స్‌పీఆర్’ కొట్టాలి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని వస్తే నిశ్చింత, తేదీ వస్తే ఆ రోజుతో ఆఖరు. పాత కంప్యూటర్ ఏది చూడటానికి వెళ్లినా డబ్బు బయటికి తీయకముందే అమ్మేవాళ్ల ఎదురుగా ఈ కమాండ్ కొడుతున్నాను. నొచ్చుకున్నవాళ్లు ఉన్నారు, అయినా కొడుతున్నాను.