సీ6-హెచ్ఎస్ఎల్ సీసా: సరుకు మంచిదే, వెంట వచ్చిన కాగితమే దండగ

మా ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పిల్లల ప్రాక్టికల్స్ కోసం హెక్సనాయిల్ హోమోసెరిన్ లాక్టోన్ 10 మిల్లీగ్రాముల సీసా తెప్పించాం. ల్యాబులో అందరూ సీ6-హెచ్ఎస్ఎల్ అంటారు. బ్యాక్టీరియా ఒకదానికొకటి పంపుకునే సంకేతాల్లో ఇదొకటి.

సరుకుకు వంక పెట్టను. క్రోమోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియాలో సీవీ026 అనే మ్యూటెంట్ (జన్యువు మారిన రకం) ఈ సంకేతాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు, బయటినుంచి అందితే మాత్రం గుర్తుపడుతుంది. దాన్ని పరిచిన జెల్లీలాంటి అగార్‌లో గుంత చేసి, కాస్త సీ6 వేసి, 30 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాం. తెల్లారేసరికి గుంత చుట్టూ చక్కటి ఊదారంగు వలయం! ఆ రంగు పేరు వయొలేసిన్.

ఈ అణువుకు అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలున్నాయి, ఎల్, డీ. కొనేముందు ఎల్ రూపమా, రెండూ కలిసిన డీఎల్ మిశ్రమమా చూసుకోండి. బ్యాక్టీరియా చేసేది ఎల్ ఒక్కటే. చవగ్గా వస్తుందని డీఎల్ తీసుకుంటే సగం బరువు చాలావరకు ఉత్తదే.

కాగితంలో మాత్రం 'మైనస్ 20లో ఉంచండి' తప్ప ఏమీ లేదు. క్షారం తగిలితే ఈ అణువులో ఉంగరంలా ఉండే లాక్టోన్ రింగు విచ్చుకుపోతుందని, ఇక సంకేతంగా పనికిరాదని ఒక్క ముక్క రాయొద్దూ? బ్యాక్టీరియాను పెంచే ఎల్బీ మీడియంలో కల్చర్ ముదిరేకొద్దీ పీహెచ్ పెరిగి క్షారం వైపు పోతుంది, గొడవంతా అక్కడే. మేం పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ వేసి 7 దాటకుండా చూసుకున్నాం. ఫోన్ చేస్తే సేల్స్ అబ్బాయి "మేడమ్, పీడీఎఫ్ పంపిస్తాను" అన్నాడు. వచ్చింది అదే కాగితం.

స్టాక్ లెక్క నేనే చెబుతాను: మొత్తం 10 మిల్లీగ్రాములు 5 మిల్లీలీటర్ల డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కలిపితే గాఢత దాదాపు 10 మిల్లీమోలార్. చిన్న ట్యూబుల్లోకి పంచి ఫ్రీజర్లో పెట్టండి. రంగు ద్రావణి వల్ల రాలేదని తేలడానికి ఉత్త డీఎంఎస్ఓ వేసిన గుంత ఒకటి పక్కన ఉండాలి.

ఇంత ఖరీదు పెట్టి మనం కొనేదాన్ని బ్యాక్టీరియా ఇంట్లో సరుకుతోనే చేసేసుకుంటుంది. కొవ్వు ఆమ్లాల తయారీలో ఎసిల్ క్యారియర్ ప్రొటీన్‌కు తగిలించుకున్న ఆరు కార్బన్ల గొలుసు, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి వచ్చిన ఎస్-ఎడినోసిల్ మిథియోనిన్, ఈ రెండూ చాలు. లక్స్‌ఐ కుటుంబపు ఎంజైమ్ వాటిని అతికించి రింగు మూసేస్తుంది.

అందుకని, డిగ్రీ పిల్లలకు రంగు చూపించడమే పనైతే సీసా కొనకండి. సీవీ026 పుట్టిన అసలు స్ట్రెయిన్ (రకం) 31532 ఈ సంకేతాన్ని తనే చేసుకుంటుంది; దాన్ని అగార్ మీద ఒక గీతగా గీసి, పక్కనే సీవీ026 గీయండి. దగ్గరపడ్డ చోట తెల్లగీత ఊదాగా మారుతుంది. ఏ ఆకు రసమో సంకేతాన్ని అడ్డుకుంటుందా అని డోసులు వేసి చూసే ప్రాజెక్టయితే మాత్రం సీసా కావాల్సిందే. సరుకుకు ఐదుకు నాలుగున్నర, కాగితానికి ఒకటి.