ఐస్‌లాండ్ రై రొట్టె: వేడి ఇసుకా, ఓవెనా, స్లో కుక్కరా?

ఐస్‌లాండ్‌వాళ్లు రై అనే గోధుమలాంటి ధాన్యంతో చేసే నల్లటి రొట్టె పేరు రూగ్‌బ్రోయ్‌ద్. రై పిండి, కాస్త గోధుమపిండి, మజ్జిగ, గోల్డెన్ సిరప్ (చిక్కటి చక్కెర పాకం), ఉప్పు, సోడా కలిపితే పిండి సిద్ధం. పిసికే పని కూడా ఉండదు. ఇంత తేలికైన రొట్టె బాగా రావడం, చెడడం అంతా సెగ మీదే ఉంది.

ఐస్‌లాండ్‌లోని లౌగర్‌వత్న్ సరస్సు ఒడ్డున, వేడినీటి బుగ్గల వల్ల కాగే నల్ల ఇసుకలో దీన్ని పాతిపెడతారు. గిన్నెకు మూత బిగించి, నీళ్లు చొరకుండా ప్లాస్టిక్ చుట్టి, గొయ్యి పూడ్చి, గుర్తుకి పైన రాయి పెడతారు. 24 గంటలయ్యాక తవ్వి తీస్తారు. మాడుతుందన్న బెంగ లేదు, కట్టెల ఖర్చూ లేదు. అసలు రుచి దీనిదే అంటే ఒప్పుకుంటాను. కానీ వేడినీటి బుగ్గ అందరి పెరట్లో ఉండదుగా!

అందుకే ఇళ్లలో ఓవెన్ వాడతారు. అందులో రెండు దారులున్నాయి. 150 డిగ్రీల్లో పెడితే మూడు గంటల్లో అయిపోతుంది, కానీ అంచులు గట్టిపడి, లోపల రంగు తేలిపోతుంది. 100 డిగ్రీల్లో, మూత బిగించి, రాత్రంతా వదిలేస్తే పిండి మెల్లగా వేడెక్కుతుంది. ఆ దశలో రైలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడానికి వ్యవధి దొరుకుతుంది. తర్వాత గంటల తరబడి సన్నసెగ తగిలి చక్కెర ముదిరి, రొట్టె పాకం పట్టిన బెల్లంలా నల్లబడుతుంది. పైన పెచ్చు కట్టదు. కొందరైతే ఖాళీ పాల డబ్బాల్లోనే పిండి పోసి ఇలా కాలుస్తారు.

స్లో కుక్కర్‌తో, అంటే సన్నసెగ మీద గంటల తరబడి వండే కరెంటు కుండతో, కరెంటు కలిసొస్తుంది. కానీ మూతకి పట్టిన ఆవిరి చుక్కలుగా రొట్టె మీద పడి పైభాగం జిగటగా అవుతుంది. మూత కింద మందపాటి గుడ్డ బిగిస్తే చాలావరకు ఆగుతుంది. కుక్కర్లన్నీ ఒకేలా వేడెక్కవు, మొదటిసారి కాపు కాయాల్సిందే.

నా ఓటు రాత్రంతా కాలే ఓవెన్‌కే. ఐస్‌లాండ్‌లో కరెంటు దాదాపు అంతా జలవిద్యుత్తు, భూగర్భ వేడి నుంచే వస్తుంది. కాబట్టి అక్కడి ఇంటి ఓవెన్‌లోనూ నేల వేడి కొంత ఉన్నట్టే! తొందరుంటే స్లో కుక్కర్ కూడా దండగే. ఆ రోజుకి 150 డిగ్రీలతో సరిపెట్టుకోండి, పైన అల్యూమినియం రేకు మాత్రం గట్టిగా చుట్టండి.

ఎలా కాల్చినా వేడి మీద కోయొద్దు, కత్తికి అంటుకుపోతుంది. మర్నాడు పల్చగా కోసి, వెన్న దట్టంగా రాసి, పొగబెట్టిన ట్రౌట్ చేప ముక్కతో తినండి. పొట్టలో గ్యాస్ చేస్తుందని అక్కడివాళ్లు దీన్ని ఉరుముల రొట్టె అని ఆటపట్టిస్తారు. రెండు ముక్కలు చాలు.