మూడేళ్ల రాజధాని కర్నూలులో

చాలామందికి కర్నూలంటే మంత్రాలయానికో మహానందికో పోతూ బస్సు మారే ఊరు. నేను మాత్రం ఊరు చూడటానికే వెళ్లాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని ఇదే. నెహ్రూ వచ్చి ప్రారంభించారు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. 1956 నవంబరు 1 వచ్చేసరికి అంతా హైదరాబాదుకు పోయింది. ఆ మూడేళ్ల గుర్తులు ఏమున్నాయో చూద్దామనిపించింది.

ఏమీ లేవనే చెప్పాలి. చాలినన్ని భవనాలు లేక అప్పుడు చాలా ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. గుడారాలు ఎత్తేశాక ఇక చూడటానికి ఏముంటుంది? "ఇది రాజధానిగా ఉన్న ఊరు" అని చెప్పే బోర్డు కూడా నేను తిరిగిన చోట్ల కనబడలేదు. పెద్దవాళ్లను రాజధాని గురించి కదిలిస్తే మాట 2009 వరద మీదికి పోతుంది. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద చెయ్యిపెట్టి చూపిస్తారు. వాళ్ల తప్పేం లేదు, ఇళ్లు ముంచింది వరద కదా!

అయినా రాజధాని కర్నూలుకు ఊరికే రాలేదు. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో రాజధాని, హైకోర్టు రెండింటిలో ఒకటి సీమకు ఇవ్వాలని రాసుకున్నారు. అందుకే రాజధాని ఇక్కడికి, హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. 1956లో రెండూ హైదరాబాదుకే చేరాయి. ఇప్పటికీ హైకోర్టు మాట వస్తే ఇక్కడి టీ కొట్లో గొంతులు పెరుగుతాయి.

చూడాల్సింది మాత్రం పాత ఊరే. కొండారెడ్డి బురుజు విజయనగర కాలం నాటి కోటలో మిగిలిన ముక్క. పొద్దున్నే ఎక్కితే ఎండ తగలదు, పైనుంచి పాత ఊరు బాగా కనిపిస్తుంది. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఉంది. బిజాపూర్ సుల్తానుల తరఫున కర్నూలును ఏలినాయన. నాకు బురుజు కంటే ఇదే నచ్చింది, జనం కూడా తక్కువ. 1800లో నిజాం సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక కూడా కర్నూలు నవాబులు కప్పం కడుతూ నిలిచారు. 1839లో ఆయుధాలు పోగేస్తున్నాడన్న అనుమానంతో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుని, కంపెనీవాళ్లు సంస్థానాన్ని కలిపేసుకున్నారు. ఈ కథ చెప్పే మనిషి అక్కడ ఉంటే బాగుండేది. ముందే చదువుకుని వెళ్లండి.

బస విషయానికొస్తే, బస్టాండు దగ్గరి లాడ్జీలు చవకే కానీ రాత్రంతా హారన్ల మోత. నేను దిగిన చోట ఆన్‌లైన్‌లో ఒక రేటు, కౌంటర్లో ఇంకో రేటు. గట్టిగా అడిగితే తగ్గించారు. కాస్త ఎక్కువైనా రాజ్‌విహార్ వైపు చూసుకోవడం మేలు. ఆటోవాళ్లు "యాడికి పోవాలన్నా?" అని ఆప్యాయంగానే పిలుస్తారు, రేటు మాత్రం ఎక్కే ముందే తేల్చుకోండి.

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేడివేడిగా దొరికే బండి దగ్గరే తినండి, హోటల్లో ఆ రుచి రాదు. రాత్రికి జొన్న రొట్టె. ఓర్వకల్లు రాతివనం పిల్లలకు సరదా, చరిత్ర కోసం వచ్చినవాళ్లు వదిలేసినా నష్టం లేదు. ఆ పూట కోవెలకుంట్ల వెళ్లొచ్చు. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీసింది అక్కడే. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోకండి.